రోడ్డు మీద మానసిక అనారోగ్యంతో ఉన్న నిరాశ్రయులు కనిపిస్తే ఏం చేయాలి: స్టేషన్ నుంచి ఇంటి దాకా, ఒక్కో అంచెగా

బస్టాండు అరుగు మీదో, గుడి మెట్ల దగ్గరో, ఫ్లైఓవర్ కిందో నెలల తరబడి ఒకే చోట కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటున్న మనిషిని చూసి, ‘ఏదో ఒకటి చేయాలి, కానీ ఎవరికి చెప్పాలి, చెబితే ఏమవుతుంది’ అని అడిగే పాఠకులు ఎక్కువయ్యారు. ఈ వ్యాసం వారి కోసం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఒక సాధారణ పౌరుడు ఏ వరసలో ఏ పని చేయాలో మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ఆధారం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఇది 2018 మే 29న అమలులోకి వచ్చింది. దీనికి ముందున్న 1987 చట్టం ప్రకారం, తిరుగుతూ కనిపించిన వ్యక్తిని పోలీసులు మెజిస్ట్రేటు ముందు నిలబెట్టి ఉత్తర్వు తీసుకున్న తరువాతే ఆసుపత్రిలో చేర్చేవారు. ‘కోర్టు ఆర్డరు ఉందా’ అనే ప్రశ్న ఇప్పటికీ వినిపించడానికి కారణం అదే. కొత్త చట్టంలో ఈ దారికి ఆ ఉత్తర్వు అవసరం లేదు.

ఒక మాట ముందే గుర్తు పెట్టుకోండి. ఈ పని సాధారణంగా పోలీసు దగ్గరో, డాక్టరు దగ్గరో ఆగిపోదు. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట జారిపోతుంది. స్టేషన్ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి వసతి గృహానికి, అక్కడి నుంచి ఇంటికి. ప్రతి మార్పు దగ్గరా తీసుకున్నవారి సంతకం కాగితం మీద పడేదాకా మీరు అక్కడ ఉండగలిగితే సగం పని అయినట్టే.

## 1. బయలుదేరే ముందు

ఒక్కరే వెళ్లకండి. ఇద్దరు చాలు, పదిమంది వద్దు. వీధిలో ఉన్నది స్త్రీ అయితే మీ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయి ఉండాలి.

వెళ్లే రోజుకు ముందు ఒకటి రెండు రోజులు ఆ చుట్టుపక్కల టీ కొట్టు, పూల దుకాణం, ఆటో స్టాండు వారిని అడగండి. ఆ మనిషి ఎప్పటి నుంచి అక్కడ ఉన్నారు, ఏ భాష మాట్లాడతారు, ఎవరి చేతి నుంచి తిండి తీసుకుంటారు అన్న మూడు విషయాలూ వారికి తెలిసే ఉంటాయి. రోజూ ఇడ్లీ పొట్లం ఇచ్చే బండి నడిపే ఆమె మాట వినే మనిషి, మన మాట వినకపోవచ్చు. అలాంటివారిని మీ వెంట ఉండమని అడగడం అన్నిటికన్నా మంచి సన్నాహం.

వెంట ఉండవలసినవి:

- మంచినీళ్లు, మజ్జిగ ప్యాకెట్లు, అరటిపండ్లు
- ఒక జత శుభ్రమైన బట్టలు, ఒక దుప్పటి
- చేతి తొడుగులు, మాస్కులు
- నోటు పుస్తకం, పెన్ను, రెండు తెల్ల కాగితాలు
- మీ గుర్తింపు కార్డు నకలు
- ఫోనులో రాసి పెట్టుకున్న నంబర్లు: పోలీసు సహాయానికి 112, అంబులెన్సుకు 108, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416, ఉచిత న్యాయ సహాయానికి 15100, మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567

పగటిపూట, వీలైతే ఉదయం, పని దినాన వెళ్లండి. శనివారం సాయంత్రం మొదలుపెట్టిన పని సోమవారం దాకా ఎవరి చేతిలోనూ లేకుండా పోయే ప్రమాదం ఉంటుంది. ప్రాణాపాయం ఉంటే మాత్రం వేళ చూడనక్కరలేదు, 108కి ఫోన్ చేయాలి.

## 2. దగ్గరకు వెళ్లడం, మాట్లాడటం

వెనక నుంచి వెళ్లకూడదు. ఎదురుగా, కాస్త పక్కగా, రెండు మూడు అడుగుల దూరంలో ఆగి, వారు కూర్చుని ఉంటే మీరూ కూర్చోండి. ‘అన్నా’, ‘అమ్మా’, ‘పెద్దాయనా’ అని వయసుకు తగినట్టు పిలవండి. ‘ఏయ్’ అన్న పిలుపుతో మొదలైన సంభాషణ అక్కడితోనే ముగుస్తుంది.

మొదటి రోజే ఊరు, పేరు అడగకండి. తిన్నారా, కాలు నొప్పిగా ఉందా, చలి వేస్తోందా అన్న ప్రశ్నలు చాలు. వారు చెప్పేది నమ్మశక్యంగా లేకపోయినా వాదించవద్దు, నవ్వవద్దు, అవునని వంత పాడనూ వద్దు. ‘మీకు భయంగా ఉన్నట్టుంది’ అనడం నిజమూ అవుతుంది, తోడూ అవుతుంది.

తరువాత సూటిగా అడగండి: ‘ఆసుపత్రికి వెళ్దామా? మేము తోడు వస్తాం.’ ఈ ప్రశ్నను అందరూ దాటేస్తారు, అడిగినా లాభం లేదనుకుంటారు. ఒప్పుకునేవారు ఉంటారు. తనంతట తాను ఒప్పుకుని చేరే వ్యక్తిని చట్టం స్వతంత్ర రోగిగా చూస్తుంది (సెక్షన్ 86). వారి తరఫున మరొకరి సంతకం అక్కరలేదు, తరువాతి చిక్కుల్లో చాలా భాగం తప్పుతుంది.

ఇంకొక జాగ్రత్త. రోడ్డు మీద ఉండే ప్రతి మనిషికీ మానసిక అనారోగ్యం ఉండదు. తన తిండి, తన శుభ్రత తాను చూసుకోగలుగుతూ, ఎవరికీ ప్రమాదం కాకుండా ఉండి, మీతో రానని స్పష్టంగా చెప్పే మనిషిని బలవంతంగా ఎత్తుకుపోయే అధికారం మీకు లేదు. అలాంటప్పుడు నీళ్లు ఇచ్చి, వారం తరువాత మళ్లీ వెళ్లడమే సరైన పని.

## 3. మనసు కన్నా ముందు ఒళ్లు

పొంతన లేని మాటలన్నీ మానసిక అనారోగ్యం వల్లే రావు. తలకు దెబ్బ, తీవ్ర జ్వరం, రక్తంలో చక్కెర పడిపోవడం, మెదడు ఇన్‌ఫెక్షన్, ముసలితనపు మతిమరుపు ఇవన్నీ అలాగే కనిపించవచ్చు. రోజూ తాగే మనిషికి మద్యం హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో చేతులు వణికి, లేనివి కనబడి, మూర్ఛ కూడా రావచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఒక్కసారిగా తికమకపడుతుంటే అది ఆసుపత్రి అత్యవసరం అనుకోండి.

వెంటనే 108 పిలవవలసిన గుర్తులు:

- మగతగా ఉండటం, పిలిస్తే సరిగా పలకకపోవడం
- తల మీద గాయం, చెవి లేదా ముక్కు నుంచి రక్తం
- పురుగులు పట్టిన పుండు, కుళ్లిన వాసన వచ్చే కాలు
- మూర్ఛ, ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆయాసం
- నిండు గర్భం, రక్తస్రావం
- తనను తాను గాయపరచుకోవడం

తిండి విషయంలో ఒక హెచ్చరిక. చాలాకాలం అర్ధాకలితో ఉన్న మనిషికి జాలితో ఒక్కసారే కడుపునిండా బిర్యానీ పెట్టకండి. ఎండిపోయిన శరీరంలోకి ఆహారం ఒక్కసారిగా చేరితే రక్తంలోని లవణాల పాళ్లు తప్పి గుండెకే ముప్పు రావచ్చు. పల్చని గంజి, మజ్జిగ, సగం అరటిపండు ఇస్తూ, కొద్దికొద్దిగా, గంటల వ్యవధిలో పెంచాలి. చాలా రోజులుగా తినలేదని అనుమానం ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

## 4. పోలీసు స్టేషన్‌లో: సెక్షన్ 100

ఈ మార్గదర్శి మొత్తంలో బాగా చదువుకోవలసిన భాగం ఇది. చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, తన పరిధిలో తిరుగుతూ కనిపించిన వ్యక్తికి మానసిక అనారోగ్యం ఉందనీ, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నారనీ, లేదా దాని వల్ల వారికో ఇతరులకో ప్రమాదం ఉందనీ నమ్మడానికి కారణం ఉంటే, ఆ వ్యక్తిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి విధి. ఇక్కడ చట్టం వాడిన మాట ‘విధి’. పోలీసులు చేసే ఉపకారం కాదు.

అదే సెక్షన్ చెప్పే మిగతా సంగతులు:

- ఎందుకు తీసుకువెళుతున్నారో ఆ వ్యక్తికి చెప్పాలి. అర్థం చేసుకోలేని స్థితి అయితే వారి ప్రతినిధికి చెప్పాలి (ప్రతినిధి ఎవరో 6వ భాగంలో ఉంది).
- వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి.
- లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు.
- నిరాశ్రయులు లేదా తిరుగుతూ కనిపించినవారి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతికి, ఆచూకీ తెలియజేయాలి.

నోటిమాటగా చెప్పి రాకండి. ఫిర్యాదు కాగితం మీద ఉండాలి. నమూనా ఇది:

‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట సుమారు ఇన్నేళ్ల వయసున్న ఒక వ్యక్తి ఒంటరిగా కనిపించారు. స్థానికులు చెప్పినదాని ప్రకారం ఇన్ని నెలలుగా అక్కడే ఉంటున్నారు. ఆహారం, బట్టలు, గాయాల విషయంలో తమను తాము చూసుకోగల స్థితిలో లేరు. మానసిక అనారోగ్యం ఉండవచ్చునని నమ్ముతున్నాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 100 ప్రకారం వారిని రక్షణలోకి తీసుకుని, 24 గంటలలోపు సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించవలసిందిగానూ, అదే సెక్షన్‌లోని 7వ ఉపవిభాగం ప్రకారం తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకవలసిందిగానూ కోరుతున్నాను.’

కింద మీ పేరు, ఫోను నంబరు, సంతకం ఉండాలి. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. సమయం ముఖ్యం, ఎందుకంటే 24 గంటల లెక్క రక్షణలోకి తీసుకున్న క్షణం నుంచి మొదలవుతుంది.

స్టేషన్‌లో మామూలుగా ఎదురయ్యే మాటలూ, వాటికి చెప్పదగిన జవాబులూ ఇవి.

‘ఇది మా పని కాదు, మున్సిపాలిటీకి చెప్పండి’ అంటే, సెక్షన్ 100 ఉన్న కాగితం చూపించి, ఫిర్యాదు తీసుకుని అందినట్టు రాసివ్వమని మాత్రం అడగండి. గొంతు పెంచవద్దు. తీసుకోకపోతే అదే కాగితాన్ని సబ్‌డివిజన్ అధికారికీ, జిల్లా ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయానికీ పంపి, ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక నకలు ఇవ్వండి. ఆ సంస్థ కింద పనిచేసే పారా లీగల్ వాలంటీరు ఒకరు వెంట ఉంటే స్టేషన్‌లో మాట తీరే మారుతుందని అనుభవం మీద చెబుతున్నాను.

‘ఎర్రగడ్డకు తీసుకెళ్లాలి, బండి లేదు’ లేదా ‘వైజాగ్ దాకా ఎవరు వెళతారు’ అంటే, చట్టం అడిగేది సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాన్ని మాత్రమే అని చెప్పండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తరువాతి అంచెలు. మొదటి పరీక్ష ఏరియా ఆసుపత్రిలో జరగవచ్చు, అక్కడి నుంచి పై ఆసుపత్రికి పంపే ఏర్పాటు ఆసుపత్రిదే.

‘ఎవరూ తప్పిపోయారని ఫిర్యాదు ఇవ్వలేదు కదా, మిస్సింగ్ కేసు ఎలా కడతాం’ అంటే, దొరికిన మనిషి విషయంలోనే ఎఫ్‌ఐఆర్ వేయమని చట్టం చెబుతోందని 7వ ఉపవిభాగాన్ని చూపించండి. ఈ ఒక్క ఎఫ్‌ఐఆర్ లేకపోవడం వల్ల ఎక్కడో ఒక ఊళ్లో తల్లి ఇచ్చిన ఫిర్యాదూ, ఇక్కడ దొరికిన మనిషీ ఏళ్ల తరబడి కలవకుండా ఉండిపోతారు.

## 5. మూటను పారేయకండి

దీనికి ప్రత్యేకంగా ఒక శీర్షిక పెట్టడానికి కారణం నా పొరపాటే. మొదట్లో ఒక పెద్దాయనను ఆసుపత్రికి తీసుకువెళ్లే తొందరలో ఆయన గోనెసంచి కంపు కొడుతోందని రోడ్డు పక్కనే వదిలేశాం. ఆయన మూడు నెలల పాటు ఆ సంచి కోసం అడుగుతూనే ఉన్నారు, మాతో మాత్రం మాట్లాడలేదు. అందులో ఏముందో ఇప్పటికీ తెలియదు.

చెత్తలా కనిపించే మూటలో పాత రైలు టికెట్టు, మందుల చీటీ, రేషన్ కార్డు ముక్క, ఫోను నంబరు రాసిన సిగరెట్ పెట్టె అట్ట ఉండవచ్చు. వారి ఎదుటే, వారి అనుమతితో తెరిచి, జాబితా రాసి, ఫొటో తీసి, మూటను కట్టి వారితోనే పంపండి. చేతి మీది పచ్చబొట్టు, మెడలోని తాయెత్తు, కాలి మెట్టెలు కూడా రాసుకోండి.

## 6. ఆసుపత్రిలో: ఎవరు సంతకం పెట్టాలి

ఆసుపత్రి గేటు దగ్గర వినిపించే మొదటి ప్రశ్న, ‘పేషెంట్‌కు మీరేమవుతారు?’ ఏమీ కామని నిజం చెప్పండి. చేర్చుకోరేమోనన్న భయంతో ‘తమ్ముణ్ణి’ అని సంతకం పెట్టినవారిని నేను చూశాను. ఆ తరువాత అసలు కుటుంబం దొరికినప్పుడు కాగితాలన్నీ అడ్డం తిరిగాయి.

ఇక్కడ సెక్షన్ 14 తెలిసి ఉండాలి. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోగి తరఫున నిలబడే నామిత ప్రతినిధి ఎవరో ఆ సెక్షన్ ఒక వరసలో చెబుతుంది. రోగి స్వయంగా రాసి నియమించుకున్నవారు, లేదంటే బంధువు, లేదంటే సంరక్షకులు, వారూ లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు (రోగుల హక్కులు చూడటానికి ఈ చట్టం కింద ఏర్పడే బోర్డు) నియమించిన తగిన వ్యక్తి. ఎవరూ దొరకనప్పుడు బోర్డు సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరును గానీ, ఆయన పంపే ప్రతినిధిని గానీ నియమించాలి.

బోర్డు ఉత్తర్వు వచ్చేదాకా ఏం చేయాలి? దానికీ చట్టంలో దారి ఉంది. మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం పనిచేసే రిజిస్టరైన సంస్థ ప్రతినిధిని వైద్య నిపుణుడు తాత్కాలికంగా ఆ బాధ్యతలో పెట్టుకోవచ్చు. అందుకే మీ జిల్లాలో అలాంటి సంస్థ ఏదో ముందే కనుక్కుని, దాని కార్యదర్శి ఫోను నంబరు మీ దగ్గర పెట్టుకోండి. ప్రతినిధి నియామకం కోసం వచ్చిన దరఖాస్తును బోర్డు 7 రోజుల్లో తేల్చాలి. దానికి రుసుము లేదు.

ప్రతినిధి కాగితం సిద్ధం కాలేదన్న కారణంతో ప్రాణాపాయంలో ఉన్న మనిషిని తిప్పి పంపనక్కరలేదు. సెక్షన్ 94 ప్రకారం, మరణమో తీవ్రమైన హానో జరిగే ప్రమాదం ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా అత్యవసర చికిత్స చేయవచ్చు, మానసిక వైద్యశాలకు తరలించనూ వచ్చు. దీనికి గరిష్ఠ పరిమితి 72 గంటలు.

ఖర్చు సంగతి: సెక్షన్ 18(7) ప్రకారం, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా, అలాగే దిక్కులేనివారికీ ఇల్లు లేనివారికీ, ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలలో చికిత్స పూర్తిగా ఉచితం. ఆధార్ లేదని ఓపీ చీటీ నిరాకరిస్తే, ‘పేరు తెలియని వ్యక్తి’ అని నమోదు చేసి, పక్కన స్టేషన్ ఎఫ్‌ఐఆర్ నంబరు వేయమని సూపరింటెండెంటును అడగండి.

ఆసుపత్రి నుంచి బయటకు వచ్చే ముందు చూసుకోండి:

- ఓపీ లేదా చేరిక నంబరు రాసుకున్నారా
- పోలీసు అప్పగింత కాగితం ఫైలులో ఉందా
- శరీర పరీక్ష జరిగిందా: చక్కెర, రక్తహీనత, ఛాతీ ఎక్స్‌రే, స్త్రీ అయితే గర్భ పరీక్ష
- ఒంటి మీది గాయాలు వైద్యుడు రాశారా
- మూట వార్డులో ఎవరి దగ్గర ఉందో తెలుసా
- వార్డు నర్సుకు, సామాజిక కార్యకర్తకు మీ నంబరు ఇచ్చారా

తల్లితో పాటు మూడేళ్లలోపు బిడ్డ ఉంటే, ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఆ బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు. బిడ్డకు తల్లి వల్ల ప్రమాదం ఉందని వైద్యుడు తేల్చినప్పుడు మాత్రమే తాత్కాలికంగా వేరుచేస్తారు (సెక్షన్ 21). స్త్రీపై లైంగిక దాడి జరిగిందన్న అనుమానం ఉంటే ఆ సంగతి మహిళా డాక్టరుకు విడిగా చెప్పి, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి తెలియజేయండి. వార్డులో పదిమంది ముందు ఆమెను ప్రశ్నించవద్దు.

## 7. చేర్చుకున్న తరువాతి గడువులు

ఇష్టపూర్వకంగా కాకుండా ప్రతినిధి దరఖాస్తుతో జరిగే చేరిక సెక్షన్ 89 కిందికి వస్తుంది. ఒక మానసిక వైద్యుడూ, మరో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడూ విడివిడిగా పరీక్షించాలి. గరిష్ఠంగా 30 రోజులు. సంగతిని బోర్డుకు 7 రోజుల్లో, స్త్రీలూ మైనర్ల విషయంలో 3 రోజుల్లో తెలపాలి. 30 రోజులు దాటాలంటే సెక్షన్ 90 కింద ఇద్దరు మానసిక వైద్యుల అభిప్రాయమూ, బోర్డు అనుమతీ కావాలి.

ఈ తేదీలను మీ క్యాలెండరులో రాసుకోండి. 25వ రోజున వార్డుకు ఫోన్ చేసి, ‘తరువాత ఏమిటి’ అని అడిగే మనిషి లేకపోతే 30వ రోజున రోగి మళ్లీ అదే బస్టాండులో కనిపించవచ్చు.

## 8. చేర్చనక్కరలేదని డాక్టరు చెబితే

ఇలా చాలాసార్లు జరుగుతుంది. అది ఓటమి కాదు, కానీ అక్కడితో వదిలేస్తే ఓటమే. చేర్చవలసినంత తీవ్రత లేదని తేలితే ఆ సంగతి పోలీసులకు చెప్పాలనీ, పోలీసులు ఆ వ్యక్తిని ఇంటికో, ఇల్లు లేకపోతే నిరాశ్రయుల కోసం నడిచే ప్రభుత్వ వసతి గృహానికో చేర్చాలనీ సెక్షన్ 100(6) చెబుతోంది. పురపాలక సంఘం నడిపే వసతి గృహం ఎక్కడుందో, స్త్రీలకు విడిగా ఉందో లేదో, పగలు కూడా తెరిచి ఉంటుందో లేదో ముందే వెళ్లి చూసి ఉండాలి. మందుల చీటీ నకలును వసతి గృహం నిర్వాహకులకు ఇచ్చి, పూటకు ఏ మాత్ర వేయాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి.

ప్రైవేటు ఆశ్రమాల గురించి ఒక గట్టి మాట. కుటుంబపు ఇల్లు తప్ప, మానసిక అనారోగ్యం ఉన్నవారిని సంరక్షణ కోసం ఉంచే ఏ చోటైనా, పేరు ఆశ్రమమైనా గుడి సత్రమైనా దర్గా అయినా, ఈ చట్టం కింద రిజిస్టరు కావాలి. ఆ ధ్రువపత్రం వచ్చినవారందరికీ కనబడేలా పెట్టాలి. అది చూడకుండా ఎవరినీ అక్కడ వదలకండి. గొలుసులతో కట్టడాన్ని సెక్షన్ 95 ఏ రూపంలోనూ ఒప్పుకోదు. బలవంతంగా గుండు చేయించకుండా కాపాడే హక్కును సెక్షన్ 20 ఇస్తోంది. వీధిలో మనిషిని పట్టుకుని, జుట్టు గొరిగి, నీళ్లు పోసి, ‘ముందు, తరువాత’ వీడియోలు పెట్టేవారి మనసు మంచిదే కావచ్చు. ఆ వీడియోలోని మనిషి కోలుకున్నాక తన పిల్లలు దాన్ని చూస్తారన్న ఆలోచన మాత్రం వారికి రాదు.

## 9. ఊరు కనుక్కోవడం

మందు పనిచేయడం మొదలైన రెండు మూడు వారాలకు జ్ఞాపకాలు ముక్కలుగా తిరిగి వస్తాయి. ‘మీ ఊరు ఏది’ అన్న ప్రశ్నకు రాని జవాబు పక్కదారి ప్రశ్నలకు వస్తుంది:

- మీ ఊళ్లో సంత ఏ రోజు జరుగుతుంది?
- సినిమాకు ఏ ఊరు వెళ్లేవారు?
- మీ ఊరికి ఏ స్టేషన్‌లో రైలు దిగాలి? దిగాక బస్సా, ఆటోనా?
- ఊళ్లో ఏ పంట వేస్తారు? చెరువు ఉందా, ఏరు ఉందా?
- బడి పంతులు పేరు ఏమిటి? జాతర ఏ దేవతకు?

చెప్పింది చెప్పినట్టే, వారి యాసలోనే రాసుకోండి. ‘పోరడు’ అన్నారా ‘గుంటడు’ అన్నారా అన్నదే వరంగల్‌కు వెళ్లాలో శ్రీకాకుళానికి వెళ్లాలో చెప్పవచ్చు. తెలుగు రాకపోతే, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడియా కూలీలనో, భవన నిర్మాణంలో ఉన్న బిహారీ, బెంగాలీ మేస్త్రీలనో పిలిచి పది నిమిషాలు మాట్లాడించండి. మనకు అర్థం లేనివిగా వినిపించిన మాటలు వారి భాషలో సరైన చిరునామా కావచ్చు.

ఊరి పేరు దొరికితే ముందుగా ఆ ఊరి పరిధిలోని పోలీసు స్టేషన్‌కు, తరువాత సర్పంచికి ఫోన్ చేయండి. మన ఎఫ్‌ఐఆర్ నంబరు చెప్పండి. వీడియో కాల్‌లో ముఖం చూపేటప్పుడు మొదట ఇంటివారిని చూపించి, మన మనిషి ఎలా స్పందిస్తారో గమనించండి. భయపడితే అక్కడే ఆపండి. ఇంట్లోనే హింస అనుభవించి బయటపడ్డవారు ఉంటారు.

ఆధార్ మరో దారి. వ్యక్తి సమ్మతితో కొత్తగా నమోదు చేయించినప్పుడు, వేలిముద్రలు ఇదివరకే ఉన్నాయని తిరస్కరణ వచ్చి, దాని ద్వారా పాత ఆధార్, ఊరు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. దీన్ని ఆసుపత్రి లేదా వసతి గృహం అధికారిక లేఖతో చేయించాలి. విడి వ్యక్తులు అడిగితే ఎవరి వివరాలూ ఇవ్వరు.

ఫొటోను పోలీసులకు ఇవ్వడం వేరు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం వేరు. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను, వివరాలను వారి సమ్మతి లేకుండా మీడియాకు విడుదల చేయడాన్ని సెక్షన్ 24 నిషేధిస్తోంది.

## 10. ఇంటికి పంపడం

వెళ్లాలా వద్దా అన్నది వారి ఇష్టం. అడగండి. వెళతామంటే కింది సన్నాహం లేకుండా బయలుదేరకండి:

- కనీసం ఒక నెల మందులు, తెలుగులో లేదా వారి భాషలో రాసిన డిశ్చార్జి సారాంశం
- నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఉంటే తరువాతి తేదీ
- ఇంటికి దగ్గరలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీ ఏ ఆసుపత్రిలో, ఏ రోజున ఉంటుందో
- ఆ ఊరి స్టేషన్‌కు సమాచారం, అప్పగింత కాగితం మీద కుటుంబ సభ్యుడి సంతకం, సాక్షి సంతకం
- ఆశా కార్యకర్త ఫోను నంబరు

చీకటి పడ్డాక చేరుకునే బస్సు ఎక్కవద్దు. ఊరంతా గుమిగూడకుండా ముందే ఇంటివారికి చెప్పండి. మొదటి గంట కన్నీళ్లు చూసి మురిసిపోకుండా, కూర్చుని మందుల సంగతి మాట్లాడండి: ‘బాగయ్యాడు కదా’ అని మాత్రలు ఆపేయడమే మళ్లీ రోడ్డు మీదకు తెచ్చే ప్రధాన కారణం. నోరు ఎండడం, చేతులు బిగుసుకోవడం, ఎక్కువ నిద్ర వంటివి మందు వల్ల రావచ్చనీ, అలా వస్తే ఆపకుండా డాక్టరును అడగాలనీ చెప్పండి.

ఆస్తి పంచుకుపోయి ఇంట్లోకి రానివ్వకపోతే 15100కు ఫోన్ చేసి న్యాయ సహాయం కోరండి. కుటుంబం వదిలేసిన వ్యక్తికి ఇంట్లో నివసించే హక్కును వాడుకోవడానికి ప్రభుత్వం సాయం చేయాలని సెక్షన్ 19 చెబుతోంది. కుటుంబం లేదనో, ఇల్లు లేదనో, బయట వసతి లేదనో కోలుకున్న మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. అలా ఉంచేస్తే, వారి సమ్మతితో ఒక రిజిస్టరైన సంస్థ ద్వారా సమీక్షా బోర్డుకు దరఖాస్తు పెట్టవచ్చు.

పింఛను సంగతి మరవకండి. మానసిక అనారోగ్యం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిధిలోకి వస్తుంది. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ ధ్రువపత్రం దొరికితే వికలాంగుల పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. ఇంట్లో నెలనెలా కొంత డబ్బు చేతికి వచ్చే మనిషికి దక్కే మర్యాద వేరుగా ఉంటుంది, ఇది మనకు నచ్చినా నచ్చకపోయినా.

ఇంటికి చేర్చిన 7వ రోజున, 30వ రోజున, 90వ రోజున ఫోన్ చేయండి. ‘ఎలా ఉన్నారు’ అని కాక, ‘మాత్రలు ఎన్ని మిగిలాయి, డాక్టరు దగ్గరకు ఏ రోజు వెళుతున్నారు’ అని అడగండి. ఫోన్ ఎత్తినవారు తటపటాయిస్తే, ఆశా కార్యకర్తను ఒకసారి ఆ ఇంటికి వెళ్లి రమ్మనండి.